సరిపోయిన మొత్తం, తప్పిన లెక్క: ఒక షేర్డ్ కౌంటర్ కేస్ స్టడీ

పని చిన్నదే. 12,000 పాసులు అమ్మాలి, 12,001వది మాత్రం అమ్ముడుపోకూడదు. కొనేవాళ్లు మూడు రీజియన్ల నుంచి వస్తారు. రద్దీ సెకనుకు 2,000 రిక్వెస్టుల దాకా వెళ్తుంది. మిగిలిన పాసుల సంఖ్య రెడిస్ అనే, మెమరీలో నడిచే డేటా స్టోర్‌లో ఒకే కీలో ఉంటుంది: రాతలు తీసుకునే ఒక ప్రైమరీ, దాని నకళ్లయిన రెండు రెప్లికాలు, ప్రైమరీ పడిపోతే రెప్లికాను పైకి తెచ్చే సెంటినెల్. ఆర్డర్లు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ టేబుల్లోకి వెళ్తాయి. యాప్ సర్వర్ ముందు కౌంటర్‌ను గెట్ కమాండ్‌తో చదువుతుంది, సున్నాకంటే ఎక్కువ ఉంటే ఒకటి తగ్గిస్తుంది, ఆ తర్వాత ఆర్డర్ రాస్తుంది. జవాబు 200 మిల్లీసెకన్లలో రాకపోతే మళ్లీ పంపుతుంది, మొత్తం మూడు ప్రయత్నాల వరకు.

ఇక్కడి అంకెలు లెక్క కంటికి కనబడాలని ఎంచుకున్నవి. లోపాలు మాత్రం ఈ అమరిక ఉన్న ఏ వ్యవస్థలోనైనా లోడ్ టెస్టులో తిరిగి రప్పించగలిగినవే.

మొదటి తప్పు, అందరికీ కనిపించేది

మొదటి లోడ్ టెస్టు ముగిసేసరికి కౌంటర్ -39, టేబుల్లో 12,039 ఆర్డర్లు. కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టదు. తగ్గించే కమాండ్ అటామిక్కే, అంటే దాని మధ్యలో మరేదీ దూరదు, కానీ దానికి ముందున్న గెట్ వేరే కమాండ్. మిగిలింది ఒక్కటే ఉన్నప్పుడు 40 సర్వర్లు ఒకేసారి చదివితే 40కీ "1" కనిపిస్తుంది, 40 సర్వర్లూ తగ్గిస్తాయి. పైగా ఆ గెట్‌ను భారం తగ్గుతుందని రెప్లికాకు మళ్లించారు. రెప్లికా ప్రైమరీకంటే ఎప్పుడూ కొంచెం వెనకే ఉంటుంది కాబట్టి పాత సంఖ్య కనిపించే కిటికీ ఇంకా వెడల్పయింది.

మందు కూడా తెలిసిందే. గెట్ తీసేసి, తగ్గించాక వచ్చే విలువనే చూడాలి. అది సున్నాకంటే తక్కువైతే ఒకటి తిరిగి కలిపి "అయిపోయాయి" అని చెప్పాలి. అయితే తగ్గించడానికీ తిరిగి కలపడానికీ మధ్య సర్వర్ చనిపోతే ఆ ఒకటి పోయినట్టే. అందుకని చూడటం, తగ్గించడం రెండింటినీ రెడిస్ లోపలే నడిచే ఒకే లువా స్క్రిప్టులో పెట్టడం మేలు. స్క్రిప్టు నడుస్తున్నంతసేపు రెడిస్ మరో కమాండ్ ముట్టుకోదు.

ఇది సరిచేసి, ఈసారి మధ్యలో ప్రైమరీని కావాలనే ఆపి, మళ్లీ టెస్టు నడిపితే కౌంటర్ సున్నా, ఆర్డర్లు 12,000. తేడా సున్నా. చాలా జట్లు ఇక్కడే టికెట్ మూసేస్తాయి. ఇల్లు అలకగానే పండగ కాదు.

సున్నా వెనక ఏముంది

ఈ రెండో టెస్టులో 300 తగ్గింపులు రెండుసార్లు పడ్డాయి, వేరే 300 తగ్గింపులు మాయమయ్యాయి. ఒకటి అమ్మకాన్ని 300 తగ్గించింది, ఇంకొకటి 300 పెంచింది. మొత్తం చూసేవాళ్లకు ఏమీ కనిపించలేదు.

రెండుసార్లు ఎలా పడ్డాయంటే: ప్రైమరీ ఒకచోట 350 మిల్లీసెకన్లు స్తంభించింది. స్నాప్‌షాట్ కోసం ఫోర్క్ అయినా, స్వాప్‌లోకి జారినా, ఎవరో పెద్ద కీని ఒక్క దెబ్బకు తొలగించినా ఇలాంటి స్తంభన వస్తుంది. టైమవుట్ 200 కాబట్టి, స్తంభన మొదలైన తొలి 150 మిల్లీసెకన్లలో వచ్చిన రిక్వెస్టులన్నీ టైమవుట్ అయ్యాయి: 2,000 × 0.15 = 300. క్లయింట్ కనెక్షన్ మూసేసినా, అప్పటికే సర్వర్ బఫర్లోకి చేరిన కమాండ్ సాధారణంగా అమలవుతుంది. స్తంభన వదలగానే పాతవీ పడ్డాయి, మళ్లీ పంపినవీ పడ్డాయి. ఆర్డర్ ఒకటి, తగ్గింపులు రెండు.

మాయమవడం ఇంకో రకం. రెడిస్ రెప్లికేషన్ అసింక్రనస్. ప్రైమరీ ముందు క్లయింట్‌కు జవాబిస్తుంది, రెప్లికాకు ఆ తర్వాత చేరుతుంది. ప్రైమరీ చచ్చే క్షణానికి రెప్లికా 150 మిల్లీసెకన్లు వెనకబడి ఉంటే, జవాబు వెళ్లిపోయి ఆర్డర్లు రాసేసిన 300 తగ్గింపులు కొత్త ప్రైమరీకి తెలియవు. కౌంటర్ 300 పైకి ఎగిరినట్టే, ఆ 300 మళ్లీ అమ్ముడవుతాయి.

వెయిట్ కమాండ్‌తో రెప్లికా అందిందనే దాకా ఆగితే ప్రమాదం తగ్గుతుంది గానీ పోదు. అది రెడిస్‌ను గట్టి కన్సిస్టెన్సీ (ఖాయమైన రాత ఆ తర్వాత అందరికీ కనిపిస్తుందనే హామీ) ఉన్న స్టోర్‌గా మార్చదని రెడిస్ డాక్యుమెంటేషనే చెబుతుంది. రెప్లికా ఇన్ని సెకన్లకంటే వెనకబడితే రాతలు ఆపేయమనే సెట్టింగూ ఉంది. దాని కొలత సెకన్లలోనే కాబట్టి అతి తక్కువగా 1 పెట్టినా, ఈ రద్దీలో 2,000 తగ్గింపులు గాలిలో ఉన్నట్టే. ఆరు సెకన్లలో సరుకంతా అయిపోయే అమ్మకానికి అదేం రక్షణ?

రిక్వెస్ట్ ఐడీని లువా స్క్రిప్టులోనే గుర్తుపెట్టుకుంటే రెండుసార్లు పడటం ఆగుతుంది. ఐడీ ముందే ఉంటే పాత జవాబే తిరిగి ఇవ్వాలి, లేకపోతే తగ్గించి ఐడీ రాయాలి. కీలను స్లాట్లుగా విడదీసి అనేక సర్వర్లకు పంచే రెడిస్ క్లస్టర్‌లో అయితే ఐడీ కీ, కౌంటర్ కీ ఒకే హ్యాష్ స్లాట్‌లో పడేలా పేర్లు పెట్టాలి, లేకపోతే స్క్రిప్టు తిరస్కరణకు గురవుతుంది. కానీ ఫెయిలోవర్‌లో, అంటే ప్రైమరీ స్థానంలోకి రెప్లికా వచ్చినప్పుడు, పోయిన 300కు ఇది మందు కాదు. తగ్గింపుతోపాటు ఐడీ కూడా పోతుంది, ఆర్డర్ మాత్రం పోస్ట్‌గ్రెస్‌లో మిగులుతుంది.

పోయిందేది, రెండుసార్లు పడిందేది

మొత్తాన్ని మొత్తంతో పోల్చే టెస్టు ఇలాంటి చోట కళ్లుమూసుకున్నట్టే. మామూలుగా కౌంటర్ పరీక్షకు వాడే పద్ధతిలో రెండు హద్దులుంటాయి. చదవడం మొదలయ్యేలోపు ఖాయమైన పెంపులన్నీ కింది హద్దు, చదవడం ముగిసేలోపు మొదలైన పెంపులన్నీ పై హద్దు. 100 ఖాయమై, 7 టైమవుట్‌లో తేలకపోతే చివరి విలువ 100 నుంచి 107 లోపు ఉండాలి. పంపిణీ వ్యవస్థలను పరీక్షించే జెప్సెన్ పరికరంలోని కౌంటర్ చెకర్ చేసేది ఇదే. 98 వస్తే పోయాయని, 109 వస్తే రెట్టింపయ్యాయని తెలుస్తుంది. రెండూ కలిసి జరిగితే మాత్రం ఇదీ పట్టుకోలేదు.

పట్టుకునే చిట్కా ఒకటుంది. ప్రతి ఆపరేషన్ 1 కలపకుండా, తనకంటూ ఒక 4 ఘాతాన్ని కలపాలి: మొదటిది 1, రెండోది 4, మూడోది 16, నాలుగోది 64, ఐదోది 256. చివరి విలువను 4 ఆధారంగా రాస్తే ఒక్కో అంకె ఒక్కో ఆపరేషన్ కథ చెబుతుంది. 0 అంటే పోయింది, 1 అంటే సరిగ్గా పడింది, 2 లేదా 3 అంటే మళ్లీ మళ్లీ పడింది. ప్రయత్నాలు మూడింటికి మించవు కాబట్టి అంకె 3 దాటి పక్క స్థానంలోకి పొంగదు. ఐదు ఆపరేషన్ల తర్వాత కౌంటర్ 329 చూపిందనుకోండి. 4 ఆధారంగా అది 11021. కుడి నుంచి చదివితే మొదటిది సరి, రెండోది రెండుసార్లు, మూడోది గల్లంతు, మిగతా రెండూ సరి. అంకెలు కూడితే 5. మామూలు కౌంటరైతే "ఐదుకు ఐదు" అనేది.

64 బిట్ల సైన్డ్ పూర్ణాంకంలో ఒక కీకి ఇలా 31 ఆపరేషన్లు పడతాయి. అన్నీ 3 అయినా విలువ 2 యొక్క 62వ ఘాతం కంటే ఒకటి తక్కువే. ఎక్కువ కావాలంటే ఎక్కువ కీలు వాడాలి. ఫలితాన్ని జావాస్క్రిప్ట్‌లో చదివేవాళ్లు స్ట్రింగ్‌గానే తీసుకోవాలి, 2 యొక్క 53వ ఘాతం దాటితే అక్కడి మామూలు నంబర్ కింది అంకెలను మింగేస్తుంది. టెస్టు నడుస్తుండగా ప్రైమరీ ప్రాసెస్‌ను కిల్ మైనస్ నైన్‌తో చంపడం, సిగ్‌స్టాప్‌తో 350 మిల్లీసెకన్లు ఆపి వదలడం, ఐపీటేబుల్స్ ఫైర్‌వాల్‌తో రెప్లికాను విడగొట్టడం: ఈ మూడు చేస్తే పైన చెప్పినవన్నీ కళ్లముందే కనిపిస్తాయి.

ఏ హామీ కావాలి

డిజైన్ సమీక్షలో "స్ట్రాంగా, ఈవెంచువలా" (నకళ్లన్నీ ఎప్పుడూ ఒకే మాట చెప్పాలా, కాసేపటికి కలిస్తే సరిపోతుందా) అనే వాదన గంటలు నడుస్తుంది. దానికంటే ముందు అడగాల్సినవి రెండు. ఈ సంఖ్యను చూసి ఎవరైనా వెనక్కి తీసుకోలేని నిర్ణయం తీసుకుంటారా? ఇదే ఆపరేషన్ రెండోసారి వస్తే ఏమవుతుంది? రెండో ప్రశ్నకు కన్సిస్టెన్సీ స్థాయి జవాబు చెప్పదు. 1990లో హెర్లిహీ, వింగ్ నిర్వచించిన లీనియరైజబిలిటీ ప్రకారం ప్రతి ఆపరేషన్ తన పిలుపుకూ జవాబుకూ మధ్య ఏదో ఒక క్షణంలో జరిగినట్టు కనిపించాలి. నిక్కచ్చిగా లీనియరైజబుల్ అయిన కౌంటర్‌కు కూడా రెండుసార్లు "తగ్గించు" పంపితే రెండుసార్లు తగ్గిస్తుంది. అది దాని తప్పు కాదు.

ఇదే వ్యవస్థలో పేజీని ఎంతమంది చూశారో లెక్కించే కౌంటర్ కూడా ఉంది. దాన్నీ పాసుల కౌంటర్‌నూ ఒకే లైబ్రరీ ఫంక్షన్‌తో నడపడమే అసలు తప్పటడుగు. చూపుల సంఖ్య చదివి ఎవరూ ఏదీ ఆపరు. దానికి ఒకదానితో ఒకటి కలిసిపోయే కౌంటర్ చాలు. షాపిరో, ప్రెగీసా, బకేరో, జవిర్‌స్కీ 2011లో క్రమబద్ధం చేసిన సీఆర్‌డీటీలలో (నకళ్లు విడివిడిగా మారినా గొడవ లేకుండా కలిసిపోయే డేటా రకాలలో) పెరుగుదల కౌంటర్ ఇదే పని చేస్తుంది. ప్రతి రెప్లికాకూ ఒక గడి, తన గడిని తానే పెంచుకుంటుంది. కలిపేటప్పుడు గడికి గడి పెద్ద విలువ తీసుకోవాలి. ఎ దగ్గర 5, 3, 0 ఉన్నాయి, బి దగ్గర 4, 6, 0. కలిపితే 5, 6, 0, అంటే 11. రెండు మొత్తాలనూ కూడితే 18, రెండింటిలో పెద్దది తీసుకుంటే 10, రెండూ తప్పే. తగ్గింపులు కూడా కావాలంటే వాటికి మరో వరుస గడులు పెట్టి తేడా చూపాలి, ఎందుకంటే ఒకే గడిని తగ్గిస్తే పక్కవాడి పాత పెద్ద విలువ దాన్ని మళ్లీ పైకి లాగేస్తుంది.

దీనితో రెండు చోట్ల దెబ్బతింటారు. పాత బ్యాకప్ నుంచి లేచిన నోడ్ అదే ఐడీతో రాయడం మొదలుపెడితే, దాని కొత్త పెంపులు ఇతరుల దగ్గరున్న పాత విలువ కింద మునిగిపోతాయి. బ్యాకప్ నుంచి లేచిన ప్రతిసారీ కొత్త ఐడీ ఇవ్వాలి, గడులు పెరిగినా సరే. ఇక రెప్లికాల మధ్య కలపడం ఎన్నిసార్లు జరిగినా పర్వాలేదు గానీ, క్లయింట్ నుంచి రెప్లికాకు వచ్చే "పెంచు" మాత్రం మళ్లీ వస్తే మళ్లీ పడుతుంది. సీఆర్‌డీటీ అంటే రీట్రై భయం లేదనుకునేవాళ్లు ఈ మొదటి అడుగును మరిచిపోతారు.

కసాండ్రా డేటాబేస్‌లోని కౌంటర్ కాలమ్‌కూ ఇదే జబ్బు. టైమవుట్ వస్తే పడిందో లేదో తెలియదు, మళ్లీ పంపితే ఎక్కువ పడొచ్చు, కౌంటర్ టేబుళ్లపై షరతుతో కూడిన అప్‌డేట్ కుదరదు. చూపులకు సరే, పాసులకు వద్దు.

పాసులకు ఎంచుకున్న అమరిక

హద్దు దాటకూడదు, ప్రతి కొనుగోలుకూ రీజియన్లు దాటి అడగకూడదు. టేబుల్లోని ఒకే వరుసను (రో) మూడు రీజియన్ల మధ్య పెట్టి, లాక్ పట్టుకుని 80 మిల్లీసెకన్ల రౌండ్ ట్రిప్ ఆగితే సెకనుకు 12.5 దాటవు, 12,000 పాసులకు 16 నిమిషాలు. ఎట్‌సీడీ వంటి, రాఫ్ట్ పద్ధతిలో మెజారిటీ నోడ్‌లు ఒప్పుకున్నాకే రాత ఖాయం చేసే స్టోర్‌లో చదివి, పోల్చి, రాసే లూప్ పెట్టినా గతి ఇంతే. ఒక విడతలో ఒక్కరే గెలుస్తారు, మిగతావాళ్లు మొదటికి వస్తారు.

అందుకని అమ్మే హక్కులు, పాసుకు ఒకటి చొప్పున, ముందే పంచే పద్ధతి. ప్యాట్రిక్ ఓనీల్ 1986లో ఎస్క్రో పేరుతో ప్రతిపాదించిన ఆలోచనకు ఇది దగ్గరి చుట్టం. మూడు రీజియన్లకు తలా 3,600, మధ్యలో నిల్వగా 1,200. రీజియన్‌లో తన హక్కులు ఉన్నంతవరకు ఎవరినీ అడగకుండా అమ్ముకోవచ్చు. ఎవరూ తన వాటా దాటరు కాబట్టి మొత్తమూ దాటదు.

రీజియన్ లోపల పోస్ట్‌గ్రెస్. తగ్గింపు, ఆర్డర్, రిక్వెస్ట్ ఐడీ మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే పడితే మూడూ పడతాయి, లేకపోతే ఏదీ పడదు. "మిగిలినవి సున్నాకంటే ఎక్కువైతేనే ఒకటి తగ్గించు" అనే ఒకే అప్‌డేట్. పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా ఉండే రీడ్ కమిటెడ్ ఐసోలేషన్ స్థాయిలో రెండో ట్రాన్సాక్షన్ లాక్ కోసం ఆగి, మొదటిది కమిట్ అయ్యాక కొత్త విలువపై షరతును మళ్లీ పరీక్షిస్తుంది, కాబట్టి ఇది భద్రమే. అంతకంటే కఠినమైన రిపీటబుల్ రీడ్‌లో అయితే 40001 ఎర్రర్‌తో పడిపోతుంది, యాప్ మళ్లీ నడపాలి. రిక్వెస్ట్ ఐడీకి, అదే విలువను రెండోసారి రాయనివ్వని యూనిక్ ఇండెక్స్ తప్పనిసరి. ఆ ఐడీ మొదటి ప్రయత్నానికి ముందే క్లయింట్ దగ్గర పుట్టాలి. సర్వర్‌లో పుట్టిస్తే ప్రతి రీట్రైకీ కొత్త ఐడీ వచ్చి పనంతా వృథా.

ట్రాన్సాక్షన్‌లో క్రమం ముఖ్యం: ముందు ఆర్డర్ ఇన్సర్ట్, చివర కౌంటర్ అప్‌డేట్. లాక్ పట్టుకునే సమయం అప్‌డేట్ నుంచి కమిట్ దాకానే. కమిట్ జవాబుకు ముందే నకలు అందుకునే సింక్రనస్ స్టాండ్‌బైతో కలిపి అది 4 మిల్లీసెకన్లయితే ఒక వరుసకు సెకనుకు 250. రీజియన్‌కు 8 వరుసలు, ఒక్కోదానిలో 450 హక్కులు పెడితే 2,000 వరకు వస్తుంది, అంటే రద్దీ అంతా ఒకే రీజియన్ మీద పడినా తట్టుకుంటుంది. సింక్రనస్ స్టాండ్‌బై ఖర్చు దండగ అని తీసేస్తే ఫెయిలోవర్‌లో చివరి కమిట్లు ఇక్కడా పోతాయి. ఆర్డరూ తగ్గింపూ కలిసే పోతాయి కాబట్టి లెక్క తప్పదు, కానీ "మీ పాస్ ఖాయం" అని చెప్పిన మనిషి దగ్గర పాస్ ఉండదు.

ఎనిమిది వరుసల్లో ఒకటి ఎంచుకోవడానికి, లాక్ అయిన వాటిని వదిలేసి ఖాళీగా ఉన్నది తీసుకునే స్కిప్ లాక్డ్ బాగా పనిచేస్తుంది. ఒక ఉచ్చు ఉంది. ఏ వరుసా దొరకలేదంటే పాసులు అయిపోయాయని కాదు, ఆ క్షణంలో అన్నీ లాక్‌లో ఉండొచ్చు. "అయిపోయాయి" అనే ముందు ఒకసారి స్కిప్ లేకుండా, వరుస నంబర్ల క్రమంలో, ఆగి చూడాలి. ఇది వదిలేస్తే సరుకు ఉండగానే తలుపు మూసేస్తారు.

కౌంటర్ వరుస ప్రతి అప్‌డేట్‌కూ కొత్త వెర్షన్ పుట్టిస్తుంది. మారే కాలమ్ మీద ఇండెక్స్ లేకుండా చూసి, ఫిల్‌ఫ్యాక్టర్ తగ్గించి పేజీలో ఖాళీ వదిలితే పాత వెర్షన్లు అక్కడికక్కడే శుభ్రమవుతాయి. అదే సమయంలో ఎవరైనా గంటసేపు నడిచే రిపోర్ట్ ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచితే శుభ్రం ఆగిపోయి ప్రతి అప్‌డేట్ నెమ్మదిస్తుంది. రిపోర్టులు రెప్లికా మీద నడపాలి. అక్కడ, పాత వెర్షన్లు ఇంకా ఉంచమని ప్రైమరీకి చెప్పే హాట్ స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ ఆన్‌లో ఉంటే మళ్లీ ప్రైమరీకే చుట్టుకుంటుంది, అది కూడా చూసుకోవాలి.

బదిలీలు, తిరిగి ఇవ్వడాలు

రీజియన్‌లో హక్కులు 400 కిందికి దిగితే నిల్వ నుంచి 150 అడుగుతుంది. నిల్వ డేటాబేస్‌లో 150 తగ్గించడం, బదిలీ ఐడీతో ఒక వరుస రాయడం ఒకే ట్రాన్సాక్షన్. రీజియన్‌లో అదే ఐడీ నమోదు, 150 కలపడం ఇంకో ట్రాన్సాక్షన్. ముందు తగ్గింపు, తర్వాతే కలుపుడు. క్రమం తిరగేస్తే మధ్యలో క్రాష్ అయినప్పుడు ఒకే హక్కు రెండుచోట్ల ఉంటుంది. ఇలా ఉంటే మహా అయితే 150 దారిలో చిక్కుకుంటాయి, మళ్లీ పంపితే ఐడీ వల్ల ఒక్కసారే పడతాయి.

ఒక రీజియన్ మొత్తంగా చీకట్లోకి వెళితే దాని దగ్గరున్న హక్కులను మిగతా రెండింటికి పంచాలని ఒత్తిడి వస్తుంది. అక్కడి యాప్ సర్వర్లు ఇంకా అమ్ముతున్నాయో లేదో బయటినుంచి తెలియదు. అక్కడి డేటాబేస్‌ను రాతలకు ఖచ్చితంగా మూసేశామని నిర్ధారించుకోకుండా పంచితే, ఇన్నాళ్లు కాపాడిన హద్దు ఒక్క నిమిషంలో పోతుంది. ఆ హక్కులు అమ్మకుండా వదిలేయడమే చౌక.

డబ్బు చెల్లించని ఆర్డర్ 10 నిమిషాలకు రద్దయి హక్కు వెనక్కి రావాలి. దీన్ని విడిగా "ఒకటి కలుపు" అని క్యూలో వేస్తే క్యూ రెండుసార్లు అందించిన రోజున లేని పాసు పుడుతుంది. రద్దు అనేది ఆర్డర్ స్థితి మార్పుగానే ఉండాలి: స్థితి "ఆపి ఉంచినది" అయితేనే "రద్దు" చేయి, మారిన వరుస ఒకటైతేనే కౌంటర్‌కు ఒకటి కలుపు, రెండూ ఒకే కమిట్‌లో. 10 నిమిషాల 1 సెకనుకు వచ్చిన చెల్లింపు కబురు ఇదే షరతు దగ్గర ఆగి, డబ్బు వాపసు దారి పడుతుంది.

రిక్వెస్ట్ ఐడీలు ఎన్నాళ్లు ఉంచాలన్నది క్యూల మీద ఆధారపడుతుంది. అమెజాన్ డేటాబేస్ డైనమోడీబీలో ఇదే పని చేసే ట్రాన్సాక్షన్ టోకెన్ 10 నిమిషాలే గుర్తుంటుంది. సందేశాలను దాచి అందించే కాఫ్కాలో టాపిక్ మామూలు నిల్వ గడువు 7 రోజులు. ఎవరైనా ఐదో రోజున పాత సందేశాలను మళ్లీ నడిపితే 10 నిమిషాల జ్ఞాపకం ఎందుకూ కొరగాదు. అన్నిటికంటే పొడవైన రీప్లే దారికంటే రెండు రోజులు ఎక్కువ ఉంచడం ఇక్కడ పాటించిన కొలత, అంటే 9 రోజులు.

ఆడిట్ ఇప్పుడు మొత్తాన్ని మొత్తంతో పోల్చదు. నిల్వ, దారిలో ఉన్నవి, రీజియన్ల హక్కులు, బతికున్న ఆర్డర్లు కూడితే 12,000 రావాలన్నది ఒక ప్రశ్న మాత్రమే. అది కూడా కొత్త కొనుగోళ్లు, బదిలీలు ఆపి అడగాలి, ఎందుకంటే నాలుగు డేటాబేస్‌లను ఒకే క్షణంలో చదవడం కుదరదు. మిగతావి ఐడీల వారీగా నడుస్తాయి. పంపినవైపు ఉండి అందినవైపు లేని బదిలీ 60 సెకన్లు దాటితే అలారం. అందినవైపు ఉండి పంపినవైపు లేని బదిలీ ఒక్కటి కనిపించినా అమ్మకం ఆపాలి.